జయరాం గుండు

తీగకు బిగించిన ఇనుప గుండును గిరగిరా తిప్పి విసిరే హ్యామర్ త్రో అంటే జయరాంకి ఎంత ఇష్టమో అంత భయం. గుండు చేతిలో ఉన్నంతసేపే మనది, వదిలాక అది ఎవరి మాటా వినదని అంటుండేవాడు. అందుకే కూతురు విసిరే ప్రతిసారీ తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో తడిమి చూసేవాడు. ఆ చాదస్తానికి ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు.

ఆయన తాత విశాఖ తీరం నుంచి ఓడెక్కి, సముద్రం దాటి ఈ ద్వీపానికి వచ్చి తెల్లవాళ్ల నౌకాస్థావరంలో కూలికి కుదిరాడు. అక్కడి తెల్ల సిపాయిల పోటీల్లో జయరాం చిన్నప్పుడు ఈ ఆట చూశాడు. ఒకప్పుడు తమ పల్లెల్లో కమ్మరి సుత్తినే విసిరేవాళ్లమని, కర్రపిడి పోయి తీగ తర్వాత వచ్చిందని ఓ ముసలి సార్జెంటు చెప్పాడు. ఆ పిచ్చి అంతటితో వదల్లేదు. పెద్దయ్యాక అదే ద్వీపంలోని జురాంగ్ రేవులో ఓడలకు రంగులు వేస్తూ, మోకాలు మొరాయించేదాకా విసిరాడు.

ఆడవాళ్లకు మాత్రం పెద్ద పోటీల్లో ఈ ఆట చాలాకాలం లేదు. ఊరంతా కంప్యూటర్ల వెంట పరుగెడుతున్న ఆ రోజుల్లో, సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లూ విసరబోతున్నారని తెలిసింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే కీర్తిక తనకూ నేర్పమని తండ్రి వెంటపడింది. జయరాం గుండె ఉప్పొంగింది, ఆ వెంటనే ఎందుకో కీడు శంకించింది.

ఆ ఏడు దసరాకి జయరాం తల్లి కుమారమ్మ ఇంట్లోని కత్తీ స్క్రూడ్రైవర్లతోపాటు గుండునీ అమ్మవారి ముందు పెట్టింది. పసుపూ కుంకుమా అద్ది, తీగ గుండును కలిసేచోట తోరం కట్టింది. మర్నాడు జయరాం దాన్ని విప్పబోతే చెయ్యి పట్టుకుంది.

"తియ్యకురా. అమ్మోరి తోరం. దానంతటదే రాలిపోవాల."

జయరాం విప్పలేదు. తర్వాత వానలు పట్టుకున్నాయి. తడిసిన తోరం తీగను అంటుకుపోయింది. రోజూ తడిమే వేలు తోరం దాకా వచ్చి ఆగిపోయేది. ఒకరోజు దారం కింద ఎర్రగా మరక కనిపించింది. కుంకుమ కరిగిందనుకుని కళ్లకద్దుకున్నాడు. కానీ ఆ రోజు నుంచి గుండు తిరుగుతున్నప్పుడు తీగ చప్పుడు మారినట్టు అనిపించేది. వయసు మీద పడి చెవులు మోసం చేస్తున్నాయనుకున్నాడు.

వాళ్ల ఫ్లాట్‌లో ఓ గదిలో అద్దెకుండే అభిజిత్ కాకినాడ కుర్రాడు, యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. సాయంత్రాలు టోవా పాయో మైదానానికి వచ్చి, గుండు పడ్డచోట జెండా పాతేవాడు. ఎక్కడ నిలబడాలో జయరాం చెప్పిందే వేదం.

ఆ శనివారం ఆకాశం మూసుకుపోయి ఉంది. గాలి లేదు. జయరాం గుండు పడే హద్దు గీతకు బాగా ఎడంగా ఒకచోటు చూపించాడు.

"ఇక్కడుండు బాబూ. ఇక్కడికి రాదు."

"సరే అంకుల్."

మూడువైపులా వల కట్టిన చోట నిలబడి కీర్తిక తిరిగింది. చివరి చుట్టులో తీగ తెగింది. పిడితోసహా ఆమె వెనక్కి పడింది. గుండు వల నోట్లోంచి పక్కకు దూసుకుపోయింది. అభిజిత్ నిలబడ్డచోటే కూలిపోయాడు.

అంబులెన్సు వెళ్లాక జయరాం వలలో వంగి తీగ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. తోరం కింద తీగను తుప్పు తినేసింది. అది కుంకుమ కాదు. ఆ సంగతి తల్లికి ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాడు, కూతురికి మాత్రం ఆసుపత్రి వరండాలో చెప్పేశాడు. లోపల ఆపరేషన్ జరుగుతూనే ఉంది. బతుకుతాడో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబిచ్చే కీర్తిక తడబడుతూ తెలుగులో అంది.

"వాళ్ల అమ్మకి ఫోన్ చెయ్యాలి పప్పా. నాకు అంత తెలుగు రాదు. నువ్వే చెప్పాలి."

జయరాం నంబరు కలిపాడు. అవతల అభిజిత్ తల్లి సుభద్ర రెండు నెలలుగా ఫోన్లో పరిచయమైన గొంతును ఇట్టే గుర్తుపట్టింది.

"అన్నయ్యగారా! ఇప్పుడే మా వారితో అంటున్నానండీ, మీరు పక్కనున్నారు కాబట్టే నాకు కంటినిండా నిద్ర పడుతుందని. ఏడండీ మావాడు, ఓసారి ఇవ్వండి."