వద్దన్న నీళ్ళు

నీళ్ళ నర్సమ్మ నోటికి ఆ ఆసుపత్రిలో జడవనివాళ్ళు లేరు. ట్రేలో కత్తెర ఒకటి తేడాగా ఉంటే చాలు, వార్డు వార్డంతా దులిపి ఆరేసేది. కొత్తగా చేరిన డాక్టర్లు ఆవిడ డ్యూటీలో లేని వేళ కనుక్కుని మరీ రౌండ్లకు వచ్చేవారు. అంతటి గయ్యాళి మనిషీ పసివాడి ఊపిరి తప్పుతోందని తెలిస్తే మాత్రం గొంతు తగ్గించేసేది. తల్లి మంచం పక్కన కూర్చుని, "అమ్మా, నీళ్ళు పోయనా?" అని అడిగేది.

ఆ పేరు అలా వచ్చిందే. ఆవిడది ఫాదర్లూ సిస్టరమ్మలూ ఉండే పాత చర్చి. బిడ్డకు జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఇవ్వాల్సింది ఫాదరే అయినా, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆయన కోసం ఆగక్కర్లేదు. ఎవరైనా సరే తలమీద నీళ్ళు పోసి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అంటే అది చెల్లుతుంది. ఈ సంగతి ఆవిడకు పని నేర్పిన పెద్ద సిస్టరమ్మ చెప్పింది. ఆ సిస్టరమ్మకు అంతకుముందు ఇంకో సిస్టరమ్మ చెప్పిందట. తల్లిదండ్రులు వద్దన్నా పోయవచ్చునని కూడా చర్చి నియమం ఉంది గానీ, దాన్ని వాడుకోవడానికి నర్సమ్మకు మనసొప్పేది కాదు. తల్లి తల అడ్డంగా ఊపితే, "సరేనమ్మా" అని లేచిపోయేది.

వార్డులో ఉన్న ఈ మర్యాద ఇంటి గడప దాటి లోపలికి వచ్చేది కాదండోయ్. ఇంట్లో ఆవిడ చెప్పిందే వేదం. కూతురు ఏ బట్ట కట్టాలో, ఏ చదువు చదవాలో అన్నీ ఆవిడే తేల్చేది. పిల్ల "వద్దమ్మా" అంటే అది "సరేనమ్మా" అన్నట్టే వినిపించేది ఆ చెవులకు.

నీళ్ళ మీద ఆవిడకు అంత పట్టుదల ఊరికే రాలేదు. చిన్నతనంలో ఆవిడకో తమ్ముడు పుట్టి గంటలోపే పోయాడు. ఫాదర్ గుమ్మం ఎక్కేసరికే అయిపోయింది. నీళ్ళు పడని బిడ్డను శ్మశానం గోడకు లోపల పెట్టకూడదన్నారు ఆనాటి పెద్దలు. బయట తుప్పల్లో పెట్టారు. పూజ అయ్యాక అందరూ లోపలి సమాధుల దగ్గరకు వెళ్తుంటే, వాళ్ళమ్మ ఒక్కతే గోడ వెలుపల మోకరించేది. చీరకు పట్టిన పల్లేరు కాయలు ఈ పిల్లే ఏరేది. తర్వాత ఆ నియమం పోయింది, అలాంటి పిల్లల్ని కూడా లోపలే పెడుతున్నారు. అయినా ఆ గోడ మాత్రం ఈవిడ మనసులో కూలలేదు.

కూతురు పెళ్ళయ్యాక మొగుడితో పాటు వేరే సంఘంలో చేరింది. బైబిలులో ఉన్నది తప్ప మరో మాట ఒప్పుకోని సంఘం అది. అక్కడ తొట్టిలో మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకుంది.

"పసిగుడ్డుగా ఉన్నప్పుడు నేను పోయించిన నీళ్ళు చాల్లేదటే నీకు? బిందెలతో పోయించాల్సిందా?" అని నర్సమ్మ ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

కొన్నాళ్ళు మాటల్లేవు. కూతురికి కడుపు పండాక మళ్ళీ రాకపోకలు మొదలయ్యాయి, వాటితో పాటు పోట్లాటలూ మొదలయ్యాయి.

"పుట్టిన నెలలోపే బిడ్డకు జ్ఞానస్నానం చేయించాలి" అంది నర్సమ్మ ఒకరోజు, బెండకాయలు తరుగుతూ.

"పసిపిల్లలకు ఇమ్మని బైబిల్లో ఎక్కడుందో చూపించమ్మా, ఇప్పుడే చేయిస్తాను."

"ఫలానా ఆయన ఇంటివాళ్ళందరూ తీసుకున్నారని లేదూ? ఇంటివాళ్ళంటే అందులో పిల్లలుండరా?"

"ఉన్నారని రాసుందా?"

"లేరని రాసుందా?" నర్సమ్మ కత్తి కింద పెట్టేసింది. "చిన్నపిల్లల్ని నా దగ్గరికి రానివ్వండి అన్నాడా లేదా ప్రభువు?"

"అన్నాడు. వచ్చినవాళ్ళ మీద చేతులుంచి దీవించాడు. నీళ్ళెక్కడ పోశాడమ్మా?"

నర్సమ్మకు ఒళ్ళు మండింది. "అబ్బో, పుస్తకం పుస్తకం అంటావు. ఆ పుస్తకం ఆకాశం నుంచి ఊడిపడిందేమిటే? ఇది దేవుడి మాట, ఇది కాదు అని ఏరి, దాచి, నీ చేతికి ఇచ్చిందెవరు? చర్చి పెద్దవాళ్ళేగా! వాళ్ళిచ్చిన పుస్తకం కావాలి, వాళ్ళు చెప్పిన మాట మాత్రం పనికిరాదా?"

కూతురు నెమ్మదిగా అడిగింది. "ఆ పెద్దవాళ్ళేగా మావయ్యను గోడ బయట పెట్టించింది? తర్వాత తప్పన్నారు. అమ్మమ్మకు ఎవరైనా వచ్చి చెప్పారా, తప్పయిపోయిందని? మనుషులు చెప్పింది మారుతుందమ్మా. అందుకే నాకు రాసి ఉన్నదే కావాలి."

నర్సమ్మ గిన్నెలు ఠంగుఠంగుమని సర్దుకుంటూ వెళ్ళిపోయింది.

బిడ్డ నెలలు నిండకుండానే పుట్టాడు. పుట్టింది నర్సమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే. కూతురికి రక్తం చాలా పోయింది, పై అంతస్తులో పడుకోబెట్టారు. వాడిని కింద పసిపిల్లల వార్డులో అద్దాల పెట్టెలో ఉంచారు. అరచేయంత వీపు, గోళ్ళు కూడా సరిగ్గా రాలేదు.

మర్నాడు పొద్దున కూతురు కబురు పెట్టి తల్లిని పిలిపించుకుంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి గానీ మాట మాత్రం గట్టిగానే ఉంది.

"అమ్మా, వాడికి నీళ్ళు పోయకు."

"ఇప్పుడా మాటెందుకే తల్లీ? వాడికేమీ కాదు."

"నువ్వు నర్సువి. నాకు అబద్ధం చెప్పకు. వాడు ఏ పాపమూ ఎరగడు. ప్రభువు వాణ్ణి ఉన్నవాణ్ణి ఉన్నట్టే తీసుకుంటాడు. నువ్వు నీళ్ళు పోస్తే ఆయన దయ చాలదని చెప్పినట్టవుతుంది. నా బిడ్డ విషయంలో ఆ మాట చెప్పద్దు. ఒట్టెయ్."

నర్సమ్మ కూతురి చేతిలో చెయ్యి వేసింది. ఏం చేస్తుంది? ఆ పిల్లకు ఏడవడానికి కూడా ఓపిక లేదు, కాదంటే ఎక్కడ ఏమవుతుందోనని భయం.

మధ్యాహ్నానికి పిల్లల డాక్టరమ్మ నర్సమ్మను పక్కకు పిలిచింది. ఊపిరితిత్తులు తెరుచుకోవడం లేదంది, ఇక మన చేతుల్లో లేదంది. గుమ్మం దగ్గర నిలబడ్డ అల్లుడు విన్నాడు.

"అత్తయ్యా, దానికి నేను చెప్పలేను," అన్నాడు. "నాకు బుర్ర పనిచేయడం లేదు. మీకేది మంచిదనిపిస్తే అది చెయ్యండి." మొహం కప్పుకుని పెళ్ళాం దగ్గరకు మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నర్సమ్మ పెట్టె దగ్గర ఒక్కతే మిగిలింది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి వాడికి. ఆవిడ అలవాటు చొప్పున చిన్న గిన్నెలో శుద్ధి చేసిన నీళ్ళు పోసి, చేతికి వెచ్చగా తగులుతున్నాయో లేదో చూసుకుంది.

ఒక్క చుక్క చాలు. చర్చి నియమం తన వైపే ఉంది. వార్డులో ఎవరూ చూడటం లేదు, తడి కూడా ఇట్టే ఆరిపోతుంది. పోయకపోతే? గోడ బయట తుప్పలు కళ్ళకు కట్టాయి. ఇప్పుడు గోడ లోపలే పెడతారని తెలుసు, దేవుడు దయగలవాడని ఫాదర్ ఎన్నోసార్లు చెప్పాడనీ తెలుసు. తెలిసినా ఆ తుప్పలు కళ్ళముందు నుంచి కదల్లేదు. వీడికి నేనేమవుతాను? సొంత మనవడికి గుక్కెడు నీళ్ళు పోయని అమ్మమ్మనా? పోస్తే మటుకు, ఒట్టు వేయించుకున్న ఆ పిల్ల మొహం ఇక జన్మలో ఎలా చూడను? దాని మాట నేనెప్పుడూ చెల్లనివ్వలేదు. బిడ్డ దాని బిడ్డ. ఈ ఒక్కటైనా దానిది కానివ్వాలి.

గిన్నె పక్కన పెట్టేసింది. చెయ్యి పొడిగా తుడుచుకుని, పెట్టె కంతలోంచి లోపలికి పోనిచ్చి వాడి తలమీద ఉంచింది. పిల్లల మీద ప్రభువు చేతులుంచి దీవించాడని అది చెప్పింది కదా, రాసి ఉన్నదే చేద్దాం అనుకుంది. "నా తండ్రీ, నా బంగారం" తప్ప ఇంకే మాటా నోటికి రాలేదు. డొక్కలు ఎగరడం ఆగేదాకా ఆ చెయ్యి తీయలేదు.

తర్వాత వాణ్ణి తెల్లగుడ్డలో చుట్టి తనే పైకి తీసుకెళ్ళింది. కూతురు బిడ్డను గుండెల మీద పెట్టుకుంది. అల్లుడు గోడకు తల ఆనించి ఏడుస్తున్నాడు. కూతురు గుడ్డ మడత తీసి, వాడి నుదురు వేలితో తడిమింది, జుట్టు తడిమింది. మళ్ళీ తడిమింది.

"పోశావు కదూ?" అని అడిగింది.

"లేదమ్మా" అంది నర్సమ్మ. "చెయ్యి మాత్రం పెట్టాను. నీకిచ్చిన మాట తప్పలేదు."

కూతురు తలెత్తి చూసింది.

"ఒక్క చుక్క కూడానా?"

"నువ్వేగా తల్లీ ఒట్టు వేయించుకున్నావు..."

"నేనన్నాను. నేనలాగే నమ్ముతాను కాబట్టి అన్నాను." కూతురు బిడ్డను ఇంకా దగ్గరకు హత్తుకుంది. "కానీ అంత గట్టిగా ఎలా అనగలిగాననుకున్నావమ్మా? నేనెంత వద్దన్నా నువ్వెలాగూ పోస్తావన్న ధైర్యంతోనే!"

కూతురు బిడ్డతో సహా గోడ వైపు తిరిగి పడుకుంది.