మున్షీ చాచా గడియారం లైను

మొన్న పొద్దున చాయ తాగుతూ ఫోను తీస్తే, రాత్రికి రాత్రి తనంతట తానే ఏవో మార్పులు చేసుకుని, నల్లటి తెర మీద చిన్న చక్రం తిప్పుతూ కాసేపు ఆగమంది. లోపల ఏం చేస్తున్నదో చెప్పదు, అడుగుదామంటే దారీ లేదు. వంటింట్లోంచి మా అమ్మాయి "దాన్ని ముట్టకమ్మా, అదే లేస్తది" అన్నది. ఆ మాట వినగానే నాకు నవ్వు ఆగలేదు. తొంభైల మొదట్లో ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో కంప్యూటర్ బిగించి వెళ్ళిన హైదరాబాద్ ఆయన కూడా నాకు అచ్చం ఇదే చెప్పి పోయాడు.

ఆయన ముట్టవద్దన్నది ఆటోఎగ్జెక్ అనే చిన్న ఫైలును. ఆ రోజుల్లో మిషన్ ముందు కూర్చున్నవాళ్ళెవరూ దాన్ని మరిచిపోయి ఉండరు. స్విచ్ వెయ్యగానే మిషన్ ముందుగా ఆ ఫైలు తెరిచి, ఒక్కో లైనూ చదువుకుంటూ, దీన్ని లేపు, దాన్ని లోపల కూర్చోబెట్టు అని అందులో రాసినదల్లా చేసిన తర్వాతే మనకు కావలసిన ప్రోగ్రాములోకి వచ్చేది. అలా లోపల కూర్చున్న ప్రతిదీ కొంత మెమరీ తినేది. ఉన్నదే పిసరంత మెమరీ.

నాది మెట్‌పల్లి. కరీంనగర్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, ఆదిలాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉంటూ ఆ మిల్లు ఆఫీసులో చేరాను. మా వైపు ఆడపిల్ల జిన్నింగు మిల్లులో నౌకరీ చేయడమేమిటని బాపు చాలా నసిగాడు, అత్త పూచీ పడ్డాక ఒప్పుకున్నాడు. మిల్లు యజమాని సేఠు మాత్రం మొదటి రోజే తేల్చి చెప్పేశాడు. పత్తి కొనుగోలు మొదలయ్యే ముహూర్తం నాడు రైతుకిచ్చే తక్‌పట్టీ, అంటే అమ్మకం చిట్టీ, మిషన్ నుంచే రావాలి, రాకపోతే మిషన్ డబ్బాలోకి, నేను మెట్‌పల్లి బస్సులోకి. అప్పటిదాకా ఆ చిట్టీలు చేత్తో రాసింది మిల్లు గుమాస్తా మున్షీ చాచా. ఆయన ఉర్దూలో లెక్క వేసి తెలుగులో రాసేవాడు, రాత ముత్యాల్లా ఉండేది. మిషన్ వస్తే తన కలానికి పని తగ్గుతుందని తెలిసీ, రోజూ నా బల్ల పక్కకు కుర్చీ లాక్కుని అది ఎలా లేస్తుందో చిన్నపిల్లాడి సంబరంతో చూసేవాడు. ఆయన ముచ్చట చూసి, తెర మూలన గడియారం కనిపించి, నమాజు వేళకు సన్నగా మోగే చిన్న ప్రోగ్రాము ఒకటి సంపాదించి ఆ ఫైలులో ఒక లైను చేర్చాను. అది మోగినప్పుడల్లా ఆయన ముఖం చూడాలి!

దసరా దాటి ముహూర్తం దగ్గర పడ్డాక సేఠు నాగపూర్ వెళ్ళి ఒక ఫ్లాపీ తెచ్చాడు. అందులో పద్మంలో కూర్చున్న లక్ష్మీదేవి ఉంది. మనం కాసేపు మీటలు ముట్టకపోతే తెర మీద ప్రత్యక్షమవుతుంది, అదీ నలుపు తెలుపుల్లో, మా తెరకు రంగులు లేవు మరి. లక్ష్మి అన్నిటికన్నా ముందు ఉండాలని సేఠు పట్టుబట్టి, పక్కన నిలబడి మరీ ఆ ఫైలు మొదటి లైనులో రాయించాడు. తెల్లవారితే ముహూర్తం.

తెల్లవారి మిషన్‌కు బొట్టుపెట్టి, పూలు చుట్టి, కొబ్బరికాయ కొట్టి స్విచ్ వేశారు. మీటలు ముట్టకుండా కాసేపు ఆగితే లక్ష్మి వచ్చింది, అందరూ దండం పెట్టుకున్నారు. నేను తక్‌పట్టీ ప్రోగ్రాము పిలిస్తే మాత్రం, నిన్నటిదాకా బాగానే నడిచినదే, మిషన్ మెమరీలో పట్టడం లేదని ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంది. ఆపి మళ్ళీ వేశాను, అదే మాట. బయట కాంటా దగ్గర నుంచి గేటు దాకా పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఒక రైతు కిటికీలోంచి తొంగిచూసి, "పూజ ఒడిసిందా బిడ్డా? ఎడ్లు ఆగుతలేవు" అన్నాడు. బాపు ముఖం, బస్టాండు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

లోపల కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు లేచి బయటికి వెళ్తే తప్ప చోటు దొరకదని చెప్పాను. సేఠు కళ్ళెర్ర చేశాడు. "ఏమన్న తియ్యి, లక్ష్మిని మాత్రం నకో! ముహూర్తం నాడు ఎవలన్న లక్ష్మిని ఎల్లగొడ్తరా?"

ఆయన మాట ముగియకముందే మున్షీ చాచా, "ముందుగల్ల నాది తియ్ బిడ్డా. నా చేతికి గడియారం ఉన్నది గదా, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆ లైను చెరపడానికి చెయ్యి రాక, దాని ముందు రెమ్ అని మూడు అక్షరాలు కొట్టాను. అలా కొడితే లైను అక్కడే ఉంటుంది, మిషన్ దాన్ని చదివి దాటేసి పోతుంది. అయినా చోటు చాలలేదు, గడియారం తినేదెంతని.

అప్పుడు గుర్తొచ్చింది మా ఇంట్లో అవ్వ చేసే వ్రతం. ఉన్నది ఒక్క గది కాబట్టి, పూజ కాగానే అవ్వ దేవికి ఉద్వాసన చెప్పి, కలశం కదిలించి, అదే చోట విస్తర్లు వేసేది. ధైర్యం కూడగట్టుకుని సేఠుతో అన్నాను, "ఎల్లగొట్టుడు కాదు సేఠ్‌జీ. పూజ అయినంక కలశం కదిలిస్తం గదా, గట్లనే. రేపు పొద్దుగాల మల్ల అందరికన్న ముందుగాల ఆమెనే వస్తది." మున్షీ చాచా సన్నగా నవ్వి, "సచ్ బాత్ సేఠ్, మా పీర్లను గూడ మల్ల రమ్మనే సాగనంపుతం" అన్నాడు. సేఠు తెర వైపోసారి, గేటు వైపోసారి చూసి తలూపాడు.

లక్ష్మి ప్రోగ్రామును మెమరీలోంచి బయటికి పంపే అక్షరం ఫ్లాపీతో వచ్చిన కాగితంలోనే ఉంది. లక్ష్మి కనిపించాలి, దండం పెట్టుకుని ఎవరైనా మీట నొక్కేదాకా ఆగాలి, తర్వాత ఆమె సెలవు తీసుకోవాలి, మిగతావి ఆ పైన లేవాలి. అలా పైన రెండు లైన్లు చేర్చి స్విచ్ వేస్తే, ప్రింటరు గరగరమంటూ మొదటి తక్‌పట్టీ వదిలింది. సేఠు దాన్ని కళ్ళకద్దుకుని కిటికీలోంచి అడిగిన ఆ రైతుకే ఇచ్చాడు. నా నౌకరీ నిలబడింది.

బండ్లు తగ్గాక, ఇప్పుడు చోటుంది, మీ గడియారం మళ్ళీ పెడతానని మున్షీ చాచాతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఉండనియ్ బిడ్డా, రేపు ఇంకెవలికన్న జాగ కావాలె" అన్నాడు. ఆయన రిటైరై వెళ్ళిపోయాక, ఆ మిషన్‌ను పాత సామాను కింద అమ్మేసే దాకా కూడా, ముందు మూడు అక్షరాలతో ఆ లైను అలాగే ఉంది. రోజూ పొద్దున మిషన్ దాన్ని చదివేది, దాటిపోయేది. నాకు మాత్రం ఆయన పక్కన కుర్చీ వేసుకుని ఉన్నట్టే ఉండేది.

చక్రం తిరగడం ఆగి ఫోను లేచింది. ఆనాటి మిషన్లు వేలకొద్దీ పట్టేంత చోటు ఇందులో ఉందట, లోపల ఎవరూ ఎవరి కోసమూ లేచి చోటివ్వనక్కర్లేదట. సంతోషమే. కానీ ముందుగల్ల నాది తియ్ బిడ్డా అన్న మాట ఎవరి నోటనైనా విని ఎన్నేళ్ళయిందో, ఈ మధ్య ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.