చెప్పుల వరస

మా దీవిలో చెప్పులన్న వస్తువే లేదు. పులికాట్ బురదలోకి చెప్పులతో దిగినవాడు కాళ్ళు కూడా అక్కడే వదిలి రావాలని మా నమ్మకం. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను అప్పుడే మీసం మొలిచిన పడవవాణ్ణి. ఆ మీసం మీద కొంగలు వాలేవంటే మీరు నమ్మరు, వదిలేయండి.

నమ్మవలసింది ఇది. ఒక ఎండాకాలం తెల్లారగట్ల మా అక్క కూతురికి, రెండేళ్ళ పిల్లకి, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పొద్దెక్కేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి. బావ వేటలో ఉన్నాడు. అక్కనీ పిల్లనీ పడవలో కూర్చోబెట్టి గెడ వేశాను. ఎదురుగాలి నా పంచెను ఊడబెరికి మద్రాసుకు పంపాలని చూసింది. చిట్టమూరు వైపు ఒడ్డున ఒంటెద్దు బండి మాట్లాడుకొని ఆసుపత్రి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

అక్కడి డాక్టరమ్మ అంటే చుట్టుపక్కల ఊళ్ళకి హడలు. ఆమె రాకముందు మోతుబర్లు బండి దిగి తిన్నగా లోపలికి పోయేవాళ్ళు, బీదాబిక్కీ బయట పడిగాపులు పడేవాళ్ళు. ఆమె వచ్చీ రాగానే ఎవరికైనా ఒకటే వరస అంది. ఎంతటి ఆసామి అయినా కూలివాడి వెనక నిలబడాల్సిందే. ఆ కబురు విని మా దీవి దీవంతా పొంగి ఒక జానెడు పైకి లేచింది. కానీ ఎండలో ఎంతసేపని నిలబడతారు? జనం చెప్పుల్ని వరసలో విడిచి, తాము పోయి వేపచెట్టు నీడన కూర్చోవడం మొదలెట్టారు. ఆ రోజు గుమ్మం నుంచి రోడ్డు దాకా, నా కంటికైతే కలకత్తా దాకా, చెప్పులే.

అక్క ఆ వరసను చూడనే లేదు. మా రేవులో చేపలు పంచేటప్పుడు, మంచాన పడి వేటకు రాలేనివాడి వాటా ముందు తీసి పక్కన పెడతారు. పడవకీ వలకీ మనుషులకీ ఆ తర్వాతే. లోకమంతా అట్లే ఉంటుందనుకుంది పిచ్చిది. తిన్నగా గుమ్మం ఎక్కింది. బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు. మోతుబర్లనే ఆపిన చెయ్యి అది, తాటిదూలమంత ఉండేది. వెనక్కి పోయి చెప్పులు పెట్టమన్నాడు. లేవన్నాను. నా తలగుడ్డ తీసి వరస చివర పరిచాను. గుడ్డలు చెల్లవన్నాడు, గుడ్డలు చెల్లితే నాయుడుపేట బట్టలన్నీ ఇక్కడే ఆరతాయన్నాడు.

నీడలోంచి కిర్రుచెప్పుల ఆసామి ఒకాయన, "న్యాయం న్యాయమే అబ్బయ్యా. నేను తెల్లారినప్పట్నుంచీ కూర్చోనుండా," అన్నాడు. ఆయన జబ్బు అరికాలి ఆనెలు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

అప్పటిదాకా సన్నగా మూలుగుతున్న పిల్ల మూలగడం మానేసింది.

అక్క గుమ్మం దిగింది. నేను పరిచిన తలగుడ్డ మీద, చివరి జత చెప్పుల వెనక, పిల్లను పడుకోబెట్టింది.

"ఇంద అన్నా, ఇయ్యే మా చెప్పులు," అంది బంట్రోతుతో.

దూలమంత ఆ చెయ్యి కిందికి వాలింది. అతనే లోపలికి పరిగెత్తి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె వంగి పిల్ల పొట్ట మీది చర్మం పట్టి వదిలింది. ఒంట్లో నీరంతా ఇగిరిపోయి అది మడత పడి అట్లే నిలిచిపోయింది. ఆమె పిల్లను ఎత్తుకొని, చెప్పులన్నిటినీ దాటి గుమ్మం వైపు నడిచింది.

కిర్రుచెప్పులాయన లేచి, అందరికీ ఒకటే వరసన్నారే అమ్మా, అని అడిగాడు.

"అన్నాను," అందామె ఆగకుండా. "నీ చెప్పులు సాయంత్రం దాకా ఉంటాయి. ఈ పిల్ల ఉండదు."

నరం దొరకడానికి ఒక యుగం పట్టింది. సెలైను సీసా వేలాడదీసి, పిల్ల ఒంటేలు పోస్తే గండం గడిచినట్టని చెప్పి, డాక్టరమ్మ బయటికి పోయింది. కిటికీలోంచి చూస్తున్నాను. ఇక ఆమె చెప్పుల వరస చూడలేదు. చెట్టు కిందికి పోయి ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వచ్చి, వణుకుతున్న ఒక ముసలమ్మను ముందు లేపింది.

సీసాలో చుక్కలు పడుతున్నాయి. పిల్ల నా ఒళ్ళో, చెయ్యి అక్క చేతిలో. ఎండ వాలుతుండగా నా పంచె ఉన్నట్టుండి వెచ్చబడింది.

"అక్కా, పులికాట్ అంతా నా ఒళ్ళోనే పోసిందే," అన్నాను.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అక్క నా మాట నమ్మింది లేదు. తనే చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది.