లోతు చాలని రేవు

మిర్యాలగూడలో మా చిన్నాయన రైస్ మిల్లులో యంత్రాలు చూసుకునేది నేను. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి వచ్చాక బాయిలర్, డ్రయ్యర్, రంగు మారిన గింజల్ని ఏరేసే సార్టెక్స్, అన్నీ కొత్తవి పెట్టించాను. ఆఫ్రికాకు ఉప్పుడు బియ్యం పంపే ఆర్డరు నిలబడితేనే మిల్లు నడుస్తుంది. వేరే పని మాకు మిగల్లేదు.

పోయిన వేసవిలో లారీలు కోదాడ మీదుగా తీరానికి వెళ్లాయి. దారిలో ఎక్కడా ఆలస్యం కాలేదు. ఆలస్యమంతా రేవులోనే. అక్కడ ఒడ్డు దగ్గర లోతు చాలదు. ఓడ సముద్రంలో దూరంగా ఆగుతుంది, బస్తాలను బార్జీల మీద దాని దగ్గరికి చేర్చాలి. గాలి లేస్తే బార్జీలు కదలవు. ఓడ ఒడ్డుకే ఆనేలా లోతైన బెర్తు కడతారని కాలేజీ రోజుల నుంచీ వింటున్నాను.

గోదాములు నిండి, మా లారీలు రోడ్డు పక్కన ఆగాయి. మార్కెట్ యార్డులో ధాన్యం తడవడం ఎన్నోసార్లు చూసిన చిన్నాయనకు వాన ఒక్కటే భయం. డ్రైవరుకు ఫోన్ చేశాడు.

"ఇంకో పట్టా కప్పు. గాలి గూడ సొరొద్దు."

"మా అమ్మ గూడ నాకు గిన్ని దుప్పట్లు కప్పలే, సేటు."

వాన రాలేదు. సముద్రపు ఉక్క మాత్రం బిగించిన పట్టాల కింద చేరి బయటికి పోలేదు. నాణ్యత చూసే మనిషి బస్తాలో గొట్టం గుచ్చి, గింజలు వాసన చూసి, ముక్కిపోయాయని సరుకంతా తిప్పి పంపాడు. ఆఫ్రికావాళ్ల కోసం ఫ్రెంచి అక్షరాలు అచ్చేసిన ఆ బస్తాలు మా ప్లాట్‌ఫారం మీదికే తిరిగొచ్చాయి.

ఆ తర్వాత, మాకు ఎగుమతి ఆర్డర్లు కుదిర్చే కోదాడ బ్రోకరు వచ్చాడు. మిల్లును మెచ్చుకున్నాడు, టీ తాగాడు, అసలు సంగతి చివరికి తెచ్చాడు. ఇకమీదట కొనేవాళ్లు వేరే దేశం నుంచి తెప్పించుకుంటారట.

"మా బియ్యంల ఏమన్న లోపమా?" అన్నాడు చిన్నాయన.

"ముక్కిన సరుకు సంగతి కాదు సేటు గారూ, అదొక్కసారి జరిగింది. అక్కడ ఓడ ఒడ్డుకే ఆనుకుంటుందండీ. చెప్పిన రోజుకి నిండి వెళ్లిపోద్ది. ఇక్కడ ఊరికే నిలబెట్టి ఓడ కిరాయి ఎవరు కడతారు?"

డ్రయ్యరులో మేం మిగిల్చిన సమయం, ఊక, కరెంటు అన్నీ ఆ లోతు లేని నీళ్లలో పోయాయి. యంత్రం చెడితే బాగుచేయగలను. సముద్రాన్ని తవ్వడం మా చేతిలో లేదు.

సాయంత్రం చిన్నాయన బాయిలర్ ఆపమన్నాడు. పొయ్యిలో ఊక వేయడం మాన్పించి, ఆవిరి దించి, వాల్వులు మూశాను. రేపు పనికి రావాలా అని హమాలీలు ఆయన్ని అడగలేక నన్ను అడిగారు. వద్దని నేనే చెప్పాను.