సాక్ష్యానికి దరువు

ఆళ్లగడ్డలో నా గొంతు తెలియనివాళ్లు లేరు. దాన్ని ఇష్టపడేవాళ్లు ఎందరన్నది నేనెప్పుడూ ఆరా తీయలేదు, ధైర్యం చాలక. మా చర్చిలో పాటల బృందానికి నేనే పెద్ద. పిల్లలు శ్రుతి తప్పితే కేకలేస్తాను. నేనే తప్పితే మాత్రం డోలక్ వాయించే తిమోతి వంక కోపంగా చూస్తాను. పదో తరగతితో చదువు ఆగిపోయి, ఓ చిన్న ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్లలకు అక్షరాలు దిద్దించే ఈ కృపావతి టీచరంటే ఊళ్లో అందరికీ గౌరవం. అట్లని నేను నమ్ముతాను.

మొన్న వేసవిలో నంద్యాల నుంచి ప్రియదర్శిని అనే అమ్మాయి వచ్చింది. ఆడపిల్లలకు ర్యాప్ నేర్పుతుందట. తమకు జరిగే అన్యాయం గురించి వాళ్లే మాటలు కట్టుకుని దరువు మీద గబగబా చెప్పాలట. చర్చి వెనక రేకుల షెడ్డు అడిగింది. పాస్టరుగారు సరేనని, పిల్లలు హద్దు మీరకుండా నన్ను కాపలా పెట్టారు. మొదటిరోజు నేను చేతులు కట్టుకుని, మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాను. రెండోరోజుకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నది నేనే.

మా పిల్లలకు ఒక్కటే చిక్కు వచ్చింది. చిన్నప్పటి నుంచి వాళ్లు విన్నవి చర్చిలో సాక్ష్యాలు. దేవుడు చేసిన మేలును ఆదివారం లేచి అందరి ముందూ చెప్పడమే సాక్ష్యం. చెప్పేవాళ్లు మాట మాటకూ ఆగుతారు, వినేవాళ్లు ఆమెన్ అంటారు. ఆ అలవాటున దెబోరా అనే పిల్ల, అన్న తనను కొట్టిన సంగతి దరువు మీద చక్కగా చెప్పి, చివర ఆమెన్ అంది. షెడ్డంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను.

"కొట్టినందుకు ఆమెనా అక్కా?" అని ప్రియదర్శిని తల పట్టుకుంది.

ఆ తర్వాత నన్నూ ఒక మాట కట్టమంది. నాకెప్పుడూ ఏ అన్యాయమూ జరగలేదని దర్జాగా చెప్పాను. నా తరఫున పాడటానికి ఏమీ లేదని పిల్లలు నమ్మారో లేదో గానీ, నేను నమ్మాను.

పిల్లలంతా నవ్వారు. వాళ్లలో సిరి మాత్రం నవ్వకుండా కూర్చుంది. ఆ పిల్లకు నంద్యాల పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. వాళ్ల నాయన సుందరరాజు మా సంఘ పెద్ద, నన్ను అక్కా అని పిలుస్తాడు. ఆడపిల్ల రోజూ అంత దూరం బస్సులో పోవద్దన్నాడు. అదే బస్సులో కొడుకు రోజూ కాలేజీకి పోతున్నాడు. చేరడానికి సోమవారమే ఆఖరు.

"అత్తా, ఆదివారం నేను సాక్ష్యం జెప్తా. నువ్వు దరువెయ్యాల," అంది సిరి.

సరే అన్నాను. తర్వాత శనివారమంతా నాకు జ్వరం రావాలని ప్రార్థన చేశాను. దేవుడు ఆలకించలేదు.

ఆదివారం పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పమనగానే సిరి లేచింది. నేను కొంగు చాటు నుంచి కంజీర తీసి, సిరికి మాత్రమే వినపడేంత మెల్లగా దరువేశాను. మా చర్చిలో సాక్ష్యానికి ఎవరూ అడ్డు చెప్పరు. సుందరరాజు ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు. ఆమెన్ అనడంలో ఆయనను మించినవాళ్లు లేరు.

"ఏడింటికి బస్సొస్తాది, అన్న ఎక్కి పోతాడు."

"ఆమెన్," అన్నాడు సుందరరాజు. సంఘమంతా అంది.

"అదే బస్సు, అదే దావ, నన్ను మాత్రం వద్దంటారు."

"ఆమెన్."

"మార్కులు నాకొచ్చినాయి, సీటు గూడా వచ్చినాది."

"ఆమెన్."

"మా నాయన మనసు పెద్దది, రేపు నన్ను పంపుతాడు."

"ఆమెన్," అని అందరికంటే గట్టిగా అన్నాడు. అప్పుడు కళ్లు తెరిచాడు.

ఆరాధన అయ్యాక నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, నేనేమన్న్యా?"

"ఆమెన్ అన్న్యావప్పా. గట్టిగానే అన్న్యావు."

"ఆయమ్మికి ఇదంతా ఎవురు నేర్పిన్యారు?"

"నాకేం తెల్దు," అంటూ కంజీరను కొంగు కిందికి నెట్టాను. అది గలగలమంది.

ఆయన నా కొంగు వంక చూశాడు. "దేవుని ముందర అన్న్యాక ఇంగ తిప్పుకుంటే ఎట్ల," అని వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున నేనూ బస్టాండుకు వెళ్లాను. సిరికి ధైర్యం చెప్పడానికని ఇంట్లో చెప్పాను. నిజానికి ఆయన మాట మీద నిలుస్తాడో లేదోనని భయం. నిలిచాడు. కూతురి సంచి తనే మోసుకొచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. బస్సు కదిలింది. సిరి నాకు చెయ్యి ఊపింది. నేను ఊపబోయి, కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

"ఏందక్కా, ఏడుస్తాండావా?" అన్నాడు సుందరరాజు. "ఇంగ సాక్ష్యమప్పుడు కండ్లు మూసుకోనులే."

షెడ్డులో నాకు దొరకని మాట అప్పుడు దొరికింది. దానికి దరువూ లేదు, ప్రాసా లేదు.

"రాజప్పా, నాకు పదారేండ్లప్పుడు గూడా ఈ బస్సు ఏడింటికే వస్తాండె."

ఆయన ఆమెన్ అనలేదు. కళ్లు తెరుచుకునే ఉన్నాడు.