ఆయన మిగిల్చిన రెండు వాక్యాలు

మా పత్రిక పాత బ్యూరో ఇన్‌చార్జి ఈ మంగళవారం మదనపల్లెలో కన్నుమూశారు. ఆయన దగ్గర పుంగనూరు నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌గా పనిచేసిన ఆమె ఫోన్ చేసి చెప్పింది. "సారు పోయినారన్నా" అని ఫోన్ పెట్టేసింది.

మా పత్రికలోకి ఈమెయిల్ కొత్తగా వచ్చిన రోజులవి. నేను కుప్పం విలేకరిని. ఆయన మెయిల్‌లో అడిగిన ప్రశ్నలన్నిటికీ కలిపి నెట్ సెంటర్ నుంచి 'సరే' అని కొట్టేవాణ్ణి. వెంటనే ఫోన్ వచ్చేది. "దేనికి సరేనప్పా? నా ప్రశ్న పైన పెట్టు, దాని కింద నీ మాట రాయి. మిగిలింది తీసెయ్."

ఒకసారి పుంగనూరు దగ్గర ఒక డెయిరీ, పాల క్యాన్లు కడిగిన నీళ్లను పక్కనున్న మల్బరీ తోటలోకి వదులుతోందని ఆ పుంగనూరు ఆమే వార్త రాసింది. డెయిరీ యజమాని హెడ్డాఫీసుకీ మా అందరికీ కలిపి పొడవాటి మెయిల్ పంపాడు. చాలావరకు ఆమె మీద తిట్లే, ఆడమనిషి గురించి రాయకూడని మాటలు. సాయంత్రంలోగా సంజాయిషీ రాకపోతే ఆమెను తప్పిస్తామని హెడ్డాఫీసు రాసింది.

ఆ రోజు నేను మదనపల్లె ఆఫీసులోనే ఉన్నాను. ఆ తిట్లు అందరూ చూడాలి, మన జవాబు కింద అలాగే ఉంచుదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఇవి అట్లే పెట్టి పంపితే, ఆయమ్మను మనం ఇంకోసారి తిట్టినట్టే గదప్పా."

మౌసుతో ఒక్కో పేరా నీలంగా చేసి, తీసేస్తూ పోయారు. చివరికి యజమాని వాక్యాలు రెండే మిగిలాయి.

'అది మల్బరీ కాదు, వేరుశనగ చేను.' దాని కింద ఆయన రాశారు: 'నిజం. రేపు సవరణ వేస్తాం.'

'మేము నీళ్లు వదల్లేదు.' దాని కింద: 'వదిలిన ఫోటో ఉంది. వచ్చి చూడండి.'

తప్పు ఒప్పుకుంటే ఆమె పని పోతుందేమోనని నా భయం. ఆయన అందరికీ పంపేశారు. ఇన్నేళ్లలో నేను చదివిన జవాబుల్లో అంత పొట్టిదీ, అంత ధైర్యమైనదీ మరొకటి లేదు. ఆమె కొనసాగుతుందని సాయంత్రానికి హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది.

మర్నాడు యజమాని మా ఆఫీసుకు వచ్చాడు. నాతోపాటు ఆమె కూడా అక్కడే ఉంది.

"నేను తిట్టినవన్నీ యాడికి పోయినాయప్పా?" అన్నాడు, నిలబడే.

"వాటికి మా దగ్గర జవాబు లేదన్నా. జవాబుండేవి మాత్రం పెట్టుకున్నాం" అన్నారాయన.

యజమాని పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత ఫోటో చూపించమన్నాడు. మా ఇన్‌చార్జి లేచి తన కుర్చీ ఆమెకిచ్చారు. ఆ మాటలు రాసినాయన, ఆ మాటలు పడినామె పక్కపక్కన ఒకే తెర మీదికి వంగారు. చేలోకి పారుతున్న తెల్లటి నీళ్లను ఆమె వేలితో చూపిస్తోంది. వాళ్ల వెనక ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.