రాని మోటారు

బీరన్నకు ఉన్నది ఒక్కటే పిచ్చి: రాని మోటారుకు దారి ఇవ్వడం.

ఆ రజాకార్ల కాలంలో నల్లగొండ బాటకు దొర పెట్టిన కాయిదా ఒకటుండేది. రోడ్డు నడిమి భాగం దొర మోటారుది. అంచు ఎడ్లబండ్లది. నడిచేవాళ్ళకు పక్కనున్న గుంత. మోటారు వస్తే అందరూ దిగి, రోడ్డుకు వీపు పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఉన్నది ఒక్క మోటారు, దానికి అంత రోడ్డు!

బీరన్న మాత్రం మోటారు లేకపోయినా ఈ మర్యాద తప్పేవాడు కాదు. పానగల్ ఆడవాళ్ళను బండిలో అంగడికి తీసుకుపోతూ, రోడ్డు కింద నీళ్ళు పారే పాత మోరీ దగ్గరికి రాగానే ఎడ్లను ఆపి గావుకేక పెట్టేవాడు.

"దిగుండ్రి! మోటరొస్తాంది! కండ్లు మూస్కోండ్రి!"

"ఏడున్నదే అన్నా? దుమ్ము గూడ లేస్తలేదు," అనేది పుష్పమ్మ.

"గానొచ్చే మోటరుకు భయమెందుకు చెల్లె? గిది గానరానిది."

ఆ మాటతో ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయేది. దొర పాత డ్రైవరు మోటారుతో సహా బోర్లాపడి చచ్చింది ఆ మోరీ దగ్గరే. మిట్టమధ్యాహ్నం, ఆకు కూడా కదలదు. వీపు వెనక మాత్రం ఏదో పాకేది. రాళ్ళు జారేవి. మోరీలోంచి ఎవరో పొడిగా దగ్గేవారు. "పోయింది, ఎక్కుండ్రి" అని బీరన్న అనేదాకా ఎవరికీ ఊపిరాడేది కాదు.

పుష్పమ్మకు ఆ భయం మీద ఇంకో భయం. తమ్ముడు వెంకటయ్య దొరల మీద, రజాకార్ల మీద కొట్లాడే సంఘంలో కలిసి నాలుగు నెలలైంది. రజాకార్లు కాల్చేశారని ఒకరన్నారు, జ్వరంతో పోయాడని ఇంకొకరన్నారు. ఒక వారం మోరీలో దగ్గు వినగానే ఆమె పోల్చుకుంది. ఆ దగ్గు తమ్ముడిదే. చచ్చినవాడు దగ్గుతాడా? ఉండబట్టలేక తల తిప్పి కళ్ళు తెరిచింది.

రోడ్డు ఖాళీగా ఉంది. బీరన్న మోరీ ముందు గొంతుక్కూర్చుని జొన్నరొట్టెల మూట లోపలికి అందిస్తున్నాడు. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చింది. చూపుడువేలు సగమే ఉంది. చిన్నప్పుడు గడ్డి కోస్తూ ఆ వేలు తెగ్గోసింది పుష్పమ్మే.

ఆమె గబుక్కున కళ్ళు మూసుకుంది. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ మింగింది.

"మోటరు పోయిందా అన్నా?"

"పోతాంది చెల్లె. జర ఆగు, ఇయ్యాల పెద్ద మోటరు."

మరుసటి వారం మోరీ ఇంకా దూరంగా ఉండగానే పుష్పమ్మ బండిలోంచి దూకింది. కొంగు చాటున రొట్టెలు, ఉల్లికారం.

"దిగుండ్రే! మోటరొస్తాంది!" అని అరిచింది.

బీరన్న ఆమె మొహం చూశాడు, కొంగు చూశాడు. ఎడ్లను ఆపి, తనూ ఆడవాళ్ళ పక్కన నిలబడి, రోడ్డుకు వీపు పెట్టి కళ్ళు మూసుకున్నాడు.